సిరామిక్ క్యాపును పంటి మీద నిలబెట్టేది ఏది? డెంటల్ సిమెంట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రూట్ కెనాల్ అయ్యాక క్యాపు వేయించుకునేవాళ్లు రంగు గురించి, ధర గురించి, వారంటీ గురించి అడుగుతారు. లోపల పూసే సిమెంటు సంగతి అడిగేవాళ్లు తక్కువ. క్యాపు ఊడి చేతిలోకి వచ్చిన రోజున మాత్రం తప్పంతా సిమెంటు మీదే పడుతుంది. చాలాసార్లు తప్పు దానిది కాదు. ఈ పేజీలో కొన్ని జవాబులు క్యాపు వేయించుకునేవాళ్ల కోసం, కొన్ని కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టర్ల కోసం.

క్యాపును పట్టి ఉంచేది సిమెంటేనా?

మొదట పట్టి ఉంచేది చెక్కిన పంటి ఆకారం. సిమెంటుది ఆ తర్వాతి స్థానం.

గిన్నె మీద గిన్నె బోర్లించినట్టు ఊహించుకోండి. గోడలు నిటారుగా ఉంటే పై గిన్నె ఒకే దారిలో పైకి రావాలి, తీయడం కష్టం. గోడలు పళ్లెంలా వాలి ఉంటే ఏ పక్క నుంచి తోసినా జారి వచ్చేస్తుంది. పన్ను చెక్కినప్పుడు ఎదురెదురు గోడల మధ్య వాలు పెరిగేకొద్దీ పట్టు ఎంత వేగంగా పడిపోతుందో యోర్గెన్‌సన్ 1955లోనే కొలిచి చూపించాడు. రెండు గోడల వాలూ కలిపి 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలని ఇప్పుడు సాధారణంగా చెబుతారు. ఎత్తు ముందు పళ్లకూ చిన్న దవడ పళ్లకూ కనీసం 3 మి.మీ., పెద్ద దవడ పళ్లకు కనీసం 4 మి.మీ. ఉండాలి. రూట్ కెనాల్ అయిన పంటికి ఇంకో షరతు ఉంది. చిగురు పైన చుట్టూ 1.5 నుంచి 2 మి.మీ. దాకా సొంత పన్ను మిగిలి ఉండాలి, క్యాపు దాన్ని కౌగిలించుకోవాలి. పన్ను అంతా పోయి ఫిల్లింగు దిబ్బ మీద మాత్రమే కూర్చున్న క్యాపును ఏ సిమెంటూ ఎక్కువకాలం కాపాడలేదు.

పొట్టి పంటికి దారులు ఉన్నాయి. పక్క గోడల్లో గాడులు తీయవచ్చు, చిగురు కొద్దిగా తగ్గించి ఎత్తు రాబట్టవచ్చు, లేదా నిజంగా అతుక్కునే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) సిమెంటును ఎంచుకోవచ్చు. మొదటి రెండూ చేయగలిగిన చోట వాటిని వదిలేసి మూడోదాని మీదే భారమంతా వేయడం మాకు నచ్చదు.

సిమెంట్లలో ఎన్ని రకాలు? తేడా ఎక్కడుంది?

పాత తరంలో అందరికీ తెలిసినది జింక్ ఫాస్ఫేట్. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి వాడుకలో ఉంది. ఇది పంటికి గానీ క్యాపుకు గానీ అతుక్కోదు. రెండింటి గరుకుతనంలోకి దూరి గట్టిపడి, మేకు కొట్టినట్టు ఆపుతుంది. కలిపిన కొత్తలో బాగా పుల్లగా ఉంటుంది, ఆ ఆమ్లత తగ్గడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. జీవమున్న పంటి మీద వేస్తే జివ్వుమనడానికి అదొక కారణం.

1968లో డెనిస్ స్మిత్ తెచ్చిన జింక్ పాలీకార్బాక్సిలేట్ పంటికి రసాయనికంగా అతుక్కున్న మొదటి సిమెంటు. పంటి నరానికి మెత్తన. బలం మాత్రం తక్కువ.

గ్లాస్ అయనోమర్‌ను లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో విల్సన్, కెంట్ తయారుచేశారు, 1970ల మొదట్లో లోకానికి తెలిసింది. మన క్లినిక్‌లలో పొడి, ద్రవం సీసాలుగా ఎక్కువగా కనిపించేది ఇదే. పంటిలోని కాల్షియంతో బంధం కడుతుంది, ఫ్లోరైడ్ విడుదల చేస్తుంది, ధర అందుబాటులో ఉంటుంది. కానీ ఆ బంధం నెమ్మదైనది. డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే పంటి పొర) మీద ప్రయోగశాలలో కొలిస్తే 3 నుంచి 5 మెగాపాస్కల్ (బలాన్ని కొలిచే ప్రమాణం) దరిదాపుల్లో వస్తుంది. గట్టిపడే మొదటి నిమిషాల్లో నీరు తగిలితే అంచు కొట్టుకుపోతుంది, మరీ ఎండిపోతే పగుళ్లు తేలతాయి. అందుకే అంచు మీద వార్నిష్ గానీ వెసలిన్ గానీ రాయమని చెబుతారు.

దానికే కొంత రెజిన్ కలిపితే రెజిన్ మాడిఫైడ్ గ్లాస్ అయనోమర్. కరిగిపోవడం తక్కువ, పట్టు ఎక్కువ. నీరు పీల్చి కాస్త ఉబ్బుతుంది కాబట్టి బలహీనమైన గాజు సిరామిక్ కింద వాడవద్దని హెచ్చరిక ఉంది. గట్టి తెల్లని సిరామిక్ అయిన జిర్కోనియా కింద ఆ భయం లేదు.

చివరిది రెజిన్ సిమెంటు. ఇందులో మూడు దారులు: పంటిని ఆమ్లంతో ఎచ్ చేసి (గరుకు చేసి) బాండింగ్ ఏజెంటు పూసి వేసేవి, సెల్ఫ్ ఎచ్ ప్రైమరుతో (ఎచింగ్‌నూ తనే చేసే పూతతో) వచ్చేవి, ఏదీ పూయకుండా నేరుగా వేసే సెల్ఫ్ అడ్హెసివ్‌లు. జపాన్‌కు చెందిన కురారే సంస్థ 1981లో తయారుచేసిన ఎండీపీ అనే ఫాస్ఫేట్ అణువు వీటి చరిత్రను మలుపు తిప్పింది. లోహానికీ జిర్కోనియాకూ పట్టే గుణం దానిదే, 1983 నుంచి పనావియా సిమెంటులో ఉంది. సెల్ఫ్ అడ్హెసివ్‌లు 2002లో రిలైఎక్స్ యూనిసెమ్‌తో వాడుకలోకి వచ్చాయి.

పొర మందం కూడా లెక్కలోకి వస్తుంది. నీటి ఆధారిత సిమెంట్లకు ఐఎస్‌ఓ ప్రమాణం 25 మైక్రాన్లు దాటనివ్వదు, రెజిన్ సిమెంట్లకు 50 మైక్రాన్ల దాకా ఒప్పుకుంటుంది.

ఏ సిరామిక్‌కు ఏ సిమెంటు?

ఇక్కడ తప్పు చేస్తే మిగతాదంతా వృథా, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఫెల్డ్‌స్పార్ పింగాణీ, ల్యూసైట్ సిరామిక్ అందంగా ఉంటాయి గానీ పెళుసు. క్యాపు పగులు పైనుంచి మొదలవుతుందని అనుకుంటాం. నమిలే ఒత్తిడికి సాగదీత పడేది లోపలి ముఖం, పగులు ఎక్కువగా అక్కడే పుడుతుంది. రెజిన్ సిమెంటు లోపలి గీతలను నింపి, క్యాపునూ పంటినీ ఒకే ముద్దగా చేసి ఆ సాగదీతను పంచుకుంటుంది. వీటికి రెజిన్ బాండింగ్ తప్పనిసరి, వేరే మాట లేదు.

లిథియం డైసిలికేట్, అంటే జనం ఈమ్యాక్స్ అని పిలిచేది, 400 మెగాపాస్కల్ దరిదాపుల వంపు బలం ఉన్నది. పూర్తి క్యాపు 1.5 మి.మీ. మందం ఉండి, పన్ను ఆకారం బాగుంటే గ్లాస్ అయనోమర్‌తో వేయడానికీ తయారీదారు ఒప్పుకుంటాడు. 1 మి.మీ.కు పలచన చేసినప్పుడు బాండింగ్ చేయాల్సిందే. మా మాట అడిగితే, మందం ఉన్నా బాండింగే మేలు. ఎచ్ చేసిన ఈమ్యాక్స్‌కు రెజిన్ పట్టినంత బాగా మరే సిరామిక్‌కూ పట్టదు, ఆ అవకాశాన్ని ఎందుకు వదులుకోవాలి?

జిర్కోనియా సంగతి వేరు. పాత రకం, అంటే 3 శాతం ఇట్రియా అనే ఆక్సైడు కలిసినది, 900 మెగాపాస్కల్ పైమాటే. దానికి సిమెంటు నుంచి బలం అరువు అక్కర్లేదు. పన్ను ఎత్తుగా, గోడలు నిటారుగా ఉంటే రెజిన్ మాడిఫైడ్ గ్లాస్ అయనోమర్ చక్కగా సరిపోతుంది. పన్ను పొట్టిగా ఉన్నా, గోడలు వాలిపోయినా ఎండీపీ ఉన్న రెజిన్‌కు వెళ్లాలి. గాజులా మెరిసే 5 శాతం ఇట్రియా రకం బలంలో పాతదానికంటే చాలా తక్కువ, పలచగా చేసినప్పుడు దానికీ రెజినే మంచిది. ల్యాబు నుంచి వచ్చిన చీటీ మీద "జిర్కోనియా" అని మాత్రమే ఉంటే ఏ రకమో ఫోన్ చేసి కనుక్కోండి.

ఈమ్యాక్స్ క్యాపు లోపలి ముఖాన్ని ఎలా సిద్ధం చేయాలి?

ముందు పంటి మీద పెట్టి చూడటం పూర్తిచేయాలి. అంచు, పక్క పళ్ల మధ్య బిగువు, రంగు అన్నీ సరిపోయాకే ఎచింగ్. ముందే ఎచ్ చేసి నోట్లో పెడితే లాలాజలం ఆ సన్నని రంధ్రాల్లోకి దిగుతుంది.

నీటితో కడిగి ఆరబెట్టి, 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని లోపలి ముఖానికి మాత్రమే 20 సెకన్లు పూయాలి. ల్యూసైట్ సిరామిక్ అయితే 60 సెకన్లు. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పట్టు వస్తుందనుకోవడం పొరపాటు, గాజు అతిగా కరిగి క్యాపే బలహీనపడుతుంది. తర్వాత ధారగా కడగాలి. ఆరాక తెల్లని సుద్దలాంటి పొర కనిపిస్తే అది ఎచింగ్ మిగిల్చిన లవణం. అల్ట్రాసోనిక్ తొట్టిలో, ఆల్కహాల్‌లోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో కొన్ని నిమిషాలు ఉంచితే పోతుంది. దాన్ని వదిలేసి సిమెంటు వేస్తే పట్టు ఆ పొడి మీదే నిలుస్తుంది.

ఆఖరున సైలేన్ పూసి 60 సెకన్లు ఆగి, గాలితో ఆరబెట్టాలి. సైలేన్ అణువు ఒక చేత్తో గాజును, ఇంకో చేత్తో రెజిన్‌ను పట్టుకుంటుంది. సీసాలో ద్రవం మబ్బుగా మారితే అది పాడైనట్టే, పారేయండి.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నోట్లో వాడేది కాదు. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకుండానే లోపలికి దిగుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు, దగ్గర్లో కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉండి తీరాలి.

అదే పద్ధతి జిర్కోనియాకు ఎందుకు పనిచేయదు?

జిర్కోనియాలో గాజు లేదు. ఆమ్లం కరిగించడానికి ఏమీ దొరకదు, సైలేన్ పట్టుకోవడానికీ ఏమీ ఉండదు. ఇక్కడ మూడు మెట్లు: 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో 2 బార్ లోపు ఒత్తిడిలో లోపలి ముఖాన్ని గరుకు చేయడం, ఎండీపీ ప్రైమరు పూయడం, రెజిన్ సిమెంటు వేయడం. ఒత్తిడి పెంచి ఎక్కువసేపు కొడితే పైపొరలో సన్నని పగుళ్లు వస్తాయి. 5 శాతం ఇట్రియా రకానికి ఇంకా తగ్గించాలి.

మామూలుగా జరిగే పొరపాటు ఇక్కడే. పంటి మీద పెట్టి చూశాక క్యాపును ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుభ్రం చేస్తారు. ఎండీపీ తన ఫాస్ఫేట్ చివరతోనే జిర్కోనియాను పట్టుకుంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం కూడా, లాలాజలంలోని ఫాస్ఫేట్లు కూడా అదే చోటుకు పోటీపడి ముందే కూర్చుంటాయి. ఆ తర్వాత ఎంత ఖరీదైన ప్రైమరు పూసినా దానికి కుర్చీ ఖాళీ ఉండదు. ఇవోక్లీన్ లాంటి క్లీనరును 20 సెకన్లు ఉంచి కడగండి. అది లేకపోతే పెట్టి చూడటం ముగిశాక అల్యూమినా కొట్టండి.

పంటి వైపు ఏం జాగ్రత్తలు?

తాత్కాలిక క్యాపును లవంగ నూనెలోని యూజినాల్ ఉన్న సిమెంటుతో పెట్టకపోవడం మంచిది. యూజినాల్ రెజిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు. యూజినాల్ లేని రకం వాడినా మిగిలిన తునకలను ప్యూమిస్ పొడితో, నీటితో బ్రష్ చేసి తీయాలి. ఫ్లోరైడ్, నూనె కలిసిన పాలిషింగ్ పేస్టు వద్దు.

చిగురు నుంచి రక్తం ఆపడానికి వాడే అల్యూమినియం క్లోరైడ్, ఫెర్రిక్ సల్ఫేట్ పంటి మీద మిగిలితే పట్టు తగ్గుతుంది. బాగా కడగాలి. చిగురు వాచి రక్తం కారుతుంటే ఆ రోజు బాండింగ్ మానేసి వారం తర్వాత పిలవడమే సరైన పని. పళ్లకు బ్లీచింగ్ చేసి ఉంటే కనీసం 2 వారాలు ఆగాలి, ఎనామిల్‌లో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను అడ్డుకుంటుంది.

డెంటిన్‌ను గాలి కొట్టి సుద్దలా ఎండబెట్టకండి. మెరుపు తగ్గితే చాలు. సెల్ఫ్ అడ్హెసివ్ సిమెంటు వేసేటప్పుడు డెంటిన్‌ను ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎచ్ చేయకూడదు. చిక్కని ఆ సిమెంటు తెరుచుకున్న కొల్లాజెన్ వలలోకి దిగలేక పట్టు తగ్గుతుంది. అంచున ఎనామిల్ ఉంటే దాన్ని మాత్రం ఎచ్ చేయవచ్చు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో ఫ్లోరోసిస్ పళ్లు చూస్తుంటాం. ఫ్లోరైడ్ ఎక్కిన ఎనామిల్ ఆమ్లానికి త్వరగా లొంగదు. పూర్తి క్యాపు కింద ఎనామిల్ చాలావరకు చెక్కేసి ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. వినీరులో (పంటి ముందు ముఖానికి అతికే పలుచని పొరలో), సగం క్యాపులో ఇది పెద్ద సమస్య. పైపొరను కొద్దిగా చెక్కి, ఎచింగ్ సమయం పెంచి, ఆరాక తెల్లగా మంచు పట్టినట్టు కనిపిస్తేనే ముందుకు వెళ్లాలి.

సిమెంటు ఎంత నింపాలి? ఎలా కూర్చోబెట్టాలి?

క్యాపు నిండా నింపితే లోపల చిక్కుకున్న సిమెంటు బయటికి పోలేక క్యాపును పైకి నెడుతుంది. అంచు తెరుచుకుంటుంది, కొరుకు ఎత్తుగా వస్తుంది. లోపలి గోడలకు, ముఖ్యంగా అంచు దగ్గరి సగానికి, పలుచగా పూస్తే చాలు. వేలితో నిదానంగా, స్థిరంగా నొక్కాలి. అంచు పూర్తిగా కూర్చుందని ప్రోబుతో తడిమి చూశాకే దూది చుట్టను కొరకమనాలి.

రెజిన్ అయితే ఒకటి రెండు సెకన్లు లైటు చూపించి, జిగురు జున్నులా మారినప్పుడు మిగులును ఒలిచేయాలి. ఎక్కువసేపు చూపిస్తే అది రాయి అవుతుంది, చిగురు కింద తీయడం నరకం. ఫ్లాస్‌ను పైకి లాగకుండా పక్కకు జారవిడవాలి. తర్వాత ప్రతి వైపూ 20 సెకన్లు, లేదా సిమెంటుతో వచ్చే కరపత్రంలో ఉన్నంత, లైటు. మందమైన జిర్కోనియా వెలుగును లోపలికి రానివ్వదు, అక్కడ తనంతట తాను కూడా గట్టిపడే డ్యూయల్ క్యూర్ రకమే వాడాలి. గాలి తగిలే అంచు పైపొర జిగటగానే ఉండిపోతుంది, గ్లిజరిన్ జెల్ పూసి లైటు చూపిస్తే అది కూడా గట్టిపడుతుంది.

పలుచని గాజు సిరామిక్ అయితే సిమెంటు గట్టిపడకముందు కొరికించి చూడకండి, చిట్లుతుంది. కొరుకు సవరణ తర్వాతే, సవరించిన చోట పాలిష్ తప్పక చేయాలి.

ఎండాకాలంలో సిమెంటు చేతిలోనే గట్టిపడిపోతోంది. ఎందుకు?

కరపత్రంలో రాసిన పని సమయం 23 డిగ్రీల గదికి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిన క్లినిక్‌లో 35 డిగ్రీలు దాటితే అంత సమయం ఉండదు. అలాంటప్పుడు పొడి తగ్గించి పలుచగా కలపడం అందరూ చేసే పని, అదే తప్పు. పలుచని సిమెంటు బలహీనం, త్వరగా కరుగుతుంది. కొలత మార్చకండి, గాజు పలకను చల్లబరచండి.

చల్లబరచడంలోనూ హద్దు ఉంది. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఫ్రిజ్ నుంచి తీసిన పలక మీద వెంటనే నీటి చెమట పడుతుంది. ఆ నీరు జింక్ ఫాస్ఫేట్‌లో కలిస్తే గట్టిపడటం ఆలస్యం కాదు, ఇంకా త్వరపడుతుంది. పలకను తుడిచి, చెమట పట్టడం ఆగాకే కలపాలి. జింక్ ఫాస్ఫేట్ పొడిని చిన్న చిన్న భాగాలుగా, పలక మీద వెడల్పుగా పరిచి, ఒకటిన్నర నిమిషం దాకా కలిపితే వేడి చెదిరిపోతుంది. గ్లాస్ అయనోమర్‌కు దీనికి పూర్తిగా వ్యతిరేకం: చిన్న జాగాలో, 20 సెకన్లలో ముగించాలి, మెరుపు పోయాక వాడకూడదు.

ఫ్రిజ్‌లో ఉంచిన రెజిన్ సిమెంటును వాడే ముందు గది వేడికి రానివ్వండి. చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, సరిగా కూర్చోదు.

ఊడిన క్యాపు లోపల సిమెంటు ఎక్కడుందో చూడాలని ఎందుకంటారు?

తప్పు ఎక్కడ జరిగిందో అదే చెబుతుంది. సిమెంటంతా క్యాపులో ఉండి పన్ను శుభ్రంగా బయటపడితే పట్టు పంటి వైపు పోయింది: తడి, రక్తం, యూజినాల్, అతిగా ఎండిన డెంటిన్ ఇలాంటివి. పంటి మీదే సిమెంటు ఉండి క్యాపు లోపల నున్నగా మెరుస్తుంటే క్యాపు లోపలి ముఖాన్ని సిద్ధం చేయడంలో లోపం. జిర్కోనియా అయితే లాలాజలం గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ అనుమానించండి. సగం అక్కడా సగం ఇక్కడా ఉంటే సిమెంటే చీలింది, అంటే కలపడమో లైటో సరిపోలేదు, లేదా పంటి ఆకారం దాని మీద మోయలేనంత భారం వేసింది. క్యాపుతో పాటు పంటి ముక్క కూడా ఊడి వస్తే సిమెంటు తన పని చేసింది, విరిగింది పన్ను.

అందుకే ఊడిన క్యాపును ఇంట్లో గోకి కడిగి తేకండి. పైపైన నీళ్లు పోసి, చిన్న డబ్బాలో పెట్టి ఉన్నదున్నట్టు తీసుకురండి.

డాక్టరు దొరికేలోపు ఇంట్లోనే అతికించుకోవచ్చా?

ఫెవిక్విక్ లాంటి జిగుర్లు అసలు వద్దు. అవి నోటి కోసం చేసినవి కావు, చిగురును కాలుస్తాయి. పైగా క్యాపు వంకరగా అతుక్కుంటే కోసి తీయాల్సి వస్తుంది. పెళ్లికో ఇంటర్వ్యూకో తప్పనిసరైతే కట్టుడు పళ్లకు వాడే క్రీము కొద్దిగా రాసి పెట్టుకోవచ్చు. రాత్రి నిద్రలో తీసి ఉంచాలి, గొంతులోకి జారే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల్లో డాక్టరును కలవండి. వారాలు గడిస్తే పక్క పళ్లు జరిగి పాత క్యాపు మళ్లీ కూర్చోదు.

క్యాపు వేశాక జివ్వుమంటోంది. సిమెంటు వల్లేనా?

చల్లటి నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతే చాలావరకు సిమెంటు ఆమ్లత వల్లనో, ఎండిన డెంటిన్ వల్లనో. కొద్ది వారాల్లో తగ్గుతుంది. కొరికినప్పుడు మాత్రమే నొప్పి ఉంటే కొరుకు ఎత్తుగా ఉంది, 5 నిమిషాల సవరణతో పోతుంది, ఓర్చుకుంటూ కూర్చోవద్దు. వేడికి నొప్పి, రాత్రిళ్లు దానంతటదే లేచే నొప్పి వస్తే నరం సంగతి చూపించుకోవాలి. రూట్ కెనాల్ అయిన పంటికి జివ్వుమనడం ఉండకూడదు. అలా ఉంటే పక్క పంటిని కూడా చూడమనండి.

వేసిన రోజు ఏం తినకూడదు?

మొదటి గంట ఏమీ వద్దు. ఒక రోజంతా జీళ్లు, చూయింగ్ గమ్, పల్లీ చిక్కీ లాంటి అంటుకునేవి మానండి. గ్లాస్ అయనోమర్ పూర్తి బలానికి చేరేది మెల్లగా, ఆ రోజే లాగితే పట్టు సడలుతుంది. సకినాలు, జంతికలు, మటన్ ఎముకలు మరో పక్క నమలండి. బ్రష్ మామూలుగానే చేయాలి, క్యాపు అంచు దగ్గర వదిలేయవద్దు. క్యాపుకు పుచ్చు పట్టదు గానీ అంచు కింద పంటికి పడుతుంది, కొన్నేళ్ల తర్వాత క్యాపులు ఊడటానికి అదొక ముఖ్య కారణం.

తర్వాత క్యాపు తీయాల్సి వస్తే?

జింక్ ఫాస్ఫేట్, గ్లాస్ అయనోమర్‌తో వేసినవి కొన్నిసార్లు తట్టి ఊడదీయవచ్చు. రెజిన్‌తో బాండ్ చేసిన ఈమ్యాక్స్‌ను కోసి తీయడమే దారి, రంగు పంటిలో కలిసిపోయి ఎక్కడ క్యాపు ముగిసి పన్ను మొదలవుతుందో కనిపించదు కాబట్టి చాలా నిదానంగా. జిర్కోనియాను కొత్త డైమండ్ బర్‌తో, ధారగా నీరు పోస్తూ కోయాలి. ఒక్క క్యాపుకే బర్ అరిగిపోవచ్చు, నీరు తగ్గితే లోపలి నరానికి వేడి తగులుతుంది. కోసిన క్యాపు మళ్లీ పనికిరాదు, కొత్తగా కొలతలు తీసుకుని ల్యాబుకు పంపాలి, ఆ రోజుల్లో తాత్కాలిక క్యాపుతో ఉండాలి.